కత్తి సరే, కవాతు ఏది?

రాయచూరు కోట పడమటి గోడలో నలభై అడుగులు దాటిన ఒకే ఒక్క బండ ఉంది. దాని మీద తెలుగు శాసనం, కాలం 1294. కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి పనుపున విఠలనాథుడు ఆదవాని, తుంబుళం, మానువ, హాళువ దుర్గాలు గెలిచి వచ్చి ఈ కోట కట్టించాడన్నది అందులోని సారం. అంత బండను దున్నపోతులు పూన్చిన బండి మీద లాక్కొచ్చిన వైనాన్ని గోడ మీద బొమ్మ చెక్కి మరీ చూపించారు. ఆ మానువే ఇప్పటి మాన్వి. జవళగేర నుంచి రాయచూరు వెళ్లే బస్సు దాని మీదుగానే వెళ్తుంది.

కోట చూడవచ్చిన వాళ్లకు చెప్పే కథలో మాత్రం గన్నారెడ్డి వెనక్కి పోయి రుద్రమదేవి ముందుకొస్తుంది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి చూస్తే ఆమె 1289లోనే కన్నుమూసింది. కోట లేచేనాటికి ఓరుగల్లు గద్దె మీద ఉన్నది మనవడు ప్రతాపరుద్రుడు. అయినా కోట ఆమె ఖాతాలోనే పడింది. ఆశ్చర్యమేమీ లేదు. కత్తి పట్టిన ఆడమనిషి పేరు ఒకటి దొరికితే జనం దాన్ని వదులుకోరు. చిత్రమేమిటంటే సినిమాలో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. 2015 అక్టోబరులో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ విడుదలైనప్పుడు టైటిల్ పాత్ర అనుష్కది, హాల్లో ఈలలు మాత్రం గోన గన్నారెడ్డిగా వచ్చిన అల్లు అర్జున్‌వి. అడివి బాపిరాజు తన నవలకు పేరే ‘గోన గన్నారెడ్డి’ అని పెట్టుకున్నాడు. రాణి కథ చెప్పడానికి కూడా పక్కన ఒక గజదొంగ లాంటి మొనగాడు కావలసి వచ్చిందన్నమాట.

జవళగేర, సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో పెరిగిన తెలుగు పిల్లలకు వీరనారుల కొరత లేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి వరి మళ్లు వేసిన కుటుంబాలు వాళ్లవి. బడిలో కన్నడ పాఠాల్లో కిత్తూరు చెన్నమ్మ, ఒనకె ఓబవ్వ. ఇంట్లో తెలుగు సినిమాలో రుద్రమ, దేవసేన, శివగామి. ఫోనులో ఇంగ్లీషు ఫాంటసీలు, అంతరిక్ష యుద్ధ నవలలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట కనిపించేవి పోలికలే. కాస్త నిలిచి చూస్తే, పోలిక కత్తి దగ్గర ఆగిపోతుంది. ఆ కత్తి ఆమెకు ఎవరు ఇచ్చారు, ఎలా నేర్పారు, ఆమె ఆజ్ఞకు ఎవరు లోబడతారు అని అడగ్గానే దారులు చీలిపోతాయి.

ముందు మారువేషం సంగతి. గణపతిదేవుడు కూతుర్ని కొడుకుగా పెంచాడన్న కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పేర్కొన్న మాటా నిజమే. ఇది మనకే ప్రత్యేకమైన కథ కాదు. టామోరా పియర్స్ 1983లో మొదలుపెట్టిన సిరీస్‌లో అలానా తన కవల సోదరుడి స్థానంలో, అలాన్ అన్న అబ్బాయిగా రాజభవనంలో చేరి వీరుడి శిక్షణ పొందుతుంది. టోల్కీన్ నవల మూడో భాగంలో (1955) ఇయోవిన్ డెర్న్‌హెల్మ్ అనే రౌతుగా యుద్ధానికి పోయి, ఏ మగవాడూ చంపలేడన్న శత్రువును కూలుస్తుంది. టెరీ ప్రాచెట్ 2003లో ఈ తంతునంతా ఎగతాళి చేసి ‘మాన్‌స్ట్రస్ రెజిమెంట్’ రాశాడు. అందులో మారువేషంలో సైన్యంలో చేరిన అమ్మాయికి, తన దళంలో దాదాపు అందరూ తనలాంటి వాళ్లేనని ఒక్కొక్కరుగా తెలిసొస్తుంది.

ఈ వరుసలో రుద్రమకు ఒక ఆధిక్యం ఉంది. ఇయోవిన్ గెలిచాక డాలు పక్కనపెట్టి పెళ్లి చేసుకుంటుంది, వైద్యం వైపు మళ్లుతుంది. చరిత్రలోని రుద్రమ నిడదవోలు వీరభద్రుణ్ని పెళ్లాడిన తర్వాతే రాజ్యం ఏలింది. దేవగిరి యాదవ మహాదేవుణ్ని తిప్పికొట్టింది, ముసలితనంలో కూడా తిరుగుబాట్లతో తలపడింది. చందుపట్ల శాసనంలో ఆమెతోపాటు సేనాని మల్లికార్జున నాయకుడి మరణం కూడా నమోదైంది కాబట్టి ఇద్దరూ యుద్ధంలోనే పోయారని చరిత్రకారులు ఊహిస్తారు. పెళ్లితో కథ ముగించడం ఈమె విషయంలో కుదరదు. సినిమా మాత్రం మారువేషం, ఆడపిల్లని బయటపడ్డం, పట్టాభిషేకం, వీటి చుట్టూనే తిరిగింది. ఆ తర్వాతి పాతికేళ్ల పాలన, అంటే అసలు పని, తెర మీదికి రాలేదు.

అసలు పని అంటే ఏమిటో తెలియాలంటే ఎలిజబెత్ మూన్‌ను చదవాలి. రచయిత్రి కాకముందు ఆమె అమెరికా మెరీన్ దళంలో అధికారి. 1988లో వచ్చిన ‘షీప్‌ఫార్మర్స్ డాటర్’లో పాక్సెనారియన్ అనే గొర్రెలకాపరి కూతురు, తండ్రి కుదిర్చిన పెళ్లి తప్పించుకుని ఇల్లు వదిలి ఒక డ్యూకు కిరాయి సైన్యంలో చేరుతుంది. తర్వాతి వందల పేజీల్లో మంత్రాలూ రాక్షసులూ చాలాసేపటిదాకా రారు. వచ్చేవి వరసలో నిలబడ్డం, అడుగు కలపడం, ఆయుధం తుడవడం, కందకాలు తవ్వడం. సార్జెంటు అరుస్తాడు, పక్కవాడు తప్పుచేస్తే నిందలో పాలు పంచుకోవాలి, తను తప్పు చేయకపోయినా శిక్ష పడొచ్చు. ఫాంటసీలో సిపాయి బతుకు ఇంత దగ్గర్నుంచి చూపించిన నవల అరుదు. రెండో భాగంలో ఆ పిల్ల ధైర్యాన్నే పోగొట్టుకుని, చప్పుడైతే వణికే బికారిగా తిరుగుతుంది. వీరనారికి ఇంత అవమానం రాయాలంటే గుండె ఉండాలి. అందుకే మూడో భాగంలో ఆమె లేచి నిలబడితే పాఠకుడు నమ్ముతాడు.

మూన్ అదే చేత్తో అంతరిక్ష నవలలూ రాసింది. 2003లో మొదలైన సిరీస్ నాయిక కైలారా వట్టా వర్తక కుటుంబపు పిల్ల. సైనిక అకాడమీ నుంచి గెంటేస్తే ఒక పాత సరుకు ఓడ అప్పగించి పంపుతారు. పాక్సెనారియన్‌కీ కైలారాకీ మధ్య గుర్రానికీ రాకెట్టుకీ ఉన్నంత దూరం ఉంది. అయినా ఇద్దరూ అక్కాచెల్లెళ్లే. ఇద్దరూ ఇల్లు దాటి, కింది నుంచి మొదలుపెట్టి, పని నేర్చుకుని పైకి వస్తారు. తేడా ఒక్కటే. పాక్సెనారియన్‌కు దైవం తోడుంటుంది, కైలారాకు తన మనసులోకే తొంగిచూసుకోవలసి వస్తుంది. మనిషిని చంపినప్పుడు తనకు కలిగింది భయం కాదు, ఆనందం అని గుర్తించి ఆ పిల్ల బెదిరిపోతుంది. మన వీరనారుల్లో ఎవరికైనా రచయిత ఈ పాటి లోపలి గది ఇచ్చాడా?

ఇప్పుడు దేవసేన దగ్గరికి వద్దాం. 2017 నాటి ‘బాహుబలి 2’లో కుంతల కోట మీద పిండారీలు పడతారు. వసారాలో దేవసేన ఒంటరిగా బాణాలు వేస్తుంటుంది. చుట్టూ శత్రువులు ముసురుకునే వేళకు అమరేంద్రుడు వచ్చి, ఆ గొడవలోనే ఒకేసారి మూడు బాణాలు సంధించే పద్ధతి చెప్తాడు. వెంటనే ఇద్దరూ వీపు వీపు ఆనించి నృత్యంలా బాణాలు కురిపిస్తారు. తెర మీద అందమైన ఘట్టం, కాదనలేం. కానీ నేర్చుకోవడానికి ఆమెకు పట్టిన సమయం అరనిమిషం, గురువు ప్రియుడు. పాక్సెనారియన్‌కు నెలలు పట్టింది, గురువు గొంతు బొంగురుపోయిన సార్జెంటు. దేవసేన పొగరు, మాట పదును, సేతుపతి వేళ్లు నరికిన తెగువ, ఇవన్నీ నిజంగా ఆమెవే. కానీ ఆ వేళ్లు నరికిన కేసులో తల నరికే తీర్పు మళ్లీ అమరేంద్రుడిదే.

మొదటి భాగంలో అవంతిక గతి ఇంకా అన్యాయం. దేవసేనను విడిపించడానికి అడవిలో ఏళ్ల తరబడి దాక్కుని పోరాడుతున్న దళంలో ఆమె సభ్యురాలు. నాయకుడు ఏరికోరి ఆమెకే పని అప్పగిస్తాడు. సినిమా మొత్తంలో నిజమైన సైనిక నియామకం అదొక్కటే. హీరో శివుడు వచ్చి ఆమె చేతి మీద బొమ్మ వేసి, జుట్టు విప్పి, కాటుక దిద్ది, ఆమెకు అప్పగించిన పని తన నెత్తిన వేసుకుని వెళ్లిపోతాడు. ఆ ఘట్టం మీద 2015లోనే పెద్ద దుమారం రేగింది. శరీరం విషయంలో జరిగిన చర్చ సరైనదే, అయితే ఉద్యోగం విషయంలో జరగాల్సిన చర్చ జరగలేదు. ఆమె దగ్గర్నుంచి అతను లాక్కున్నది ఆమె పోస్టింగు. రెండో భాగంలో ఆమె కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

అంతరిక్ష యుద్ధ నవలల్లో అందరికంటే పేరున్న నాయిక డేవిడ్ వెబర్ సృష్టి ఆనర్ హారింగ్టన్. మొదటి నవల ‘ఆన్ బాసిలిస్క్ స్టేషన్’ 1993లో వచ్చింది. చిన్న ఓడ, చెత్త ఆయుధాలు, మొహం మాడ్చుకున్న సిబ్బంది, తన కింద ఉండటం ఇష్టంలేని రెండో అధికారి మెకీన్. పై అధికారుల అలకకు గురై ఆమెకు దక్కింది కస్టమ్స్ తనిఖీలు చేసే మారుమూల చెక్‌పోస్టు. ఆమె ఆ తనిఖీలనే ఒళ్లు దాచుకోకుండా చేయిస్తుంది. కుట్ర బయటపడేదీ, సిబ్బంది దారికొచ్చేదీ ఆ కాగితాల పని వల్లే. నవల చివరి యుద్ధం కంటే ఈ భాగమే బాగుంటుందంటే వెబర్ అభిమానులు కొందరు కొట్టడానికి రావచ్చు. తమాషా ఏమిటంటే, నౌకలూ క్షిపణులూ ఉన్న ఈ లోకంలోనూ రచయితకు కత్తి మీద మోజు పోలేదు. 1995 నాటి ‘ఫ్లాగ్ ఇన్ ఎక్సైల్’లో ఆనర్ ఒక ప్రభువుతో కత్తియుద్ధం చేసి చంపుతుంది. భుజం మీద ఆరుకాళ్ల పిల్లి లాంటి జీవం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అలానా వెంట పిల్లి ఉన్నట్టే. ఫాంటసీ రాణిని ఓడెక్కించి సైన్స్ ఫిక్షన్ అనిపించారని విమర్శకులు అంటే పూర్తిగా తోసిపుచ్చలేం.

తెలుగులో ఆనర్‌కు సాటి ఎవరు? రుద్రమ అని నోటికి వస్తుంది. కాని సరైన జవాబు పల్నాటి నాగమ్మ. రాచపుట్టుక లేదు. భర్త పేరు చెప్పుకుని, కొడుకు పేరు చెప్పుకుని వచ్చిన అధికారమూ కాదు. కథ ప్రకారం రెడ్డి కుటుంబపు విధవరాలు, ఆతిథ్యంతో, తెలివితో గురజాల కొలువులో మంత్రి పదవి సంపాదించుకుంది. బ్రహ్మనాయుడంతటి వాడితో సమఉజ్జీగా ఎత్తులు వేసింది. కోడిపందెంలో ఓడించి మాచర్ల పక్షాన్ని ఏడేళ్లు అడవులకు పంపింది, కారెంపూడి రణరంగానికి సేనల్ని నడిపింది. మంతనం, బేరం, సేనల కూడిక, నిందలు మోయడం, ఇవన్నీ చేసిన నాయిక మన కథల్లో ఈమె ఒక్కతే కనిపిస్తుంది. అందుకేనేమో ఆమెను విలన్ చేశారు. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ‘పల్నాటి వీరచరిత్ర’ కన్ను మాచర్ల పక్షం మీదే ఉంటుంది. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి నాగమ్మ వేషం కట్టారు. తెలుగు తెర మీద అంత గొంతూ అంత నిలుపూ ఉన్న నటీమణులు ఆ పాత్రకే పడ్డారన్నది గమనించాలి. ప్రేక్షకుడు ఆమెను తిట్టుకుంటూనే ఆమె వైపే చూశాడు. భానుమతి 1964 ‘బొబ్బిలి యుద్ధం’లో మల్లమ్మగానూ కనిపించింది. అక్కడామె మంచి రాణి, అందుకే చేయడానికి పని తక్కువ.

తల్లుల మాటకొస్తే లెక్క కాస్త మారుతుంది. ‘బాహుబలి’లో శివగామి ఒక చంకన పిల్లవాణ్ని పెట్టుకుని సింహాసనం ఎక్కి ద్రోహిని తెగనరికే ఘట్టం భారతీయ సినిమాలో రాజ్యాధికారాన్ని అంత సూటిగా చూపించిన కొద్ది ఘట్టాల్లో ఒకటి. అయితే ఆమె గద్దె పిల్లల కోసం కాపలా కాసే గద్దె. 1824లో ధార్వాడ కలెక్టరు థాకరే ప్రాణాలు తీసిన యుద్ధం నడిపిన కిత్తూరు చెన్నమ్మ పోరాటమూ దత్తపుత్రుడి వారసత్వం కోసమే మొదలైంది. మనవాళ్లకే ఈ అమ్మతనపు పిచ్చి ఉందనుకుంటే పొరపాటు. లోయిస్ మక్‌మాస్టర్ బుజోల్డ్ ‘బరయార్’ (1991) నాయిక కార్డీలియా ఒకప్పుడు అంతరిక్ష సర్వే నౌక కెప్టెను. ఆమె కడుపులో పెరగాల్సిన బిడ్డ యంత్రగర్భంలో పెరుగుతుంటే శత్రువులు ఎత్తుకుపోతారు. భర్త, సేనాని అయినవాడు, వద్దన్నా వినకుండా ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని శత్రువు రాజధానిలో దూరి, బిడ్డతోపాటు రాజద్రోహి తల కూడా షాపింగు సంచిలో వేసుకొచ్చి సమావేశపు బల్ల మీద దొర్లిస్తుంది. ఆ మరుసటి ఏడు ఈ నవలకు హ్యూగో బహుమతి వచ్చింది. శివగామి చూస్తే మెచ్చుకునేది.

కార్డీలియా యంత్రగర్భానికి 2024 ‘కల్కి 2898 ఏడీ’లోని సుమతి కడుపు దగ్గరి చుట్టమే. తెలుగులో సైనిక సైన్స్ ఫిక్షన్ అనదగ్గ పెద్ద సినిమా ప్రస్తుతానికి ఇదొక్కటే. కాంప్లెక్స్ అనే కోటలో ఆడవాళ్ల గర్భాలు ప్రయోగశాలలు. అందులోంచి సుమతి తప్పించుకుని శంబాల చేరుతుంది, నిప్పుల్లోంచి నడిచి వస్తుంది, అందరూ ఆమెను కాపాడతారు. ఆమె ఎవరినీ కాపాడే పని పెట్టుకోదు. ఆ పని కైరాది, మరియందీ. అన్నా బెన్ పోషించిన కైరా తిరుగుబాటు దళపు పిల్ల, చలాకీగా నాలుగు దెబ్బలు కొట్టి మధ్యలోనే చనిపోతుంది. శోభన పోషించిన మరియం శంబాల పెద్ద, ఆమె కూడా మిగలదు. తల్లి కాబోయే ఆమె బతుకుతుంది, ఉద్యోగం చేసిన ఇద్దరూ పోతారు. దర్శకుడు కావాలని చేసిన ఏర్పాటు అయి ఉండదు, చేతికి అలవాటైన దారి అంతే.

ఒనకె ఓబవ్వ ఇక్కడ ఒక్క క్షణం నిలవాలి. రాణి కాదు, మంత్రి కాదు, చిత్రదుర్గం కోటలో కావలివాడి భార్య. మొగుడు అన్నం తింటుంటే నీళ్లకు వెళ్లి, కంతలోంచి దూరుతున్న హైదరాలీ సిపాయిల్ని రోకలితో ఒక్కొక్కణ్నీ మోదింది. 1972 ‘నాగరహావు’లో జయంతి మీద తీసిన పాటతో ఆమె కన్నడ ఇళ్లన్నిటికీ చేరింది. పాక్సెనారియన్‌కు మన దక్కనులో దొరికే చుట్టం ఈమే. మొగుడి డ్యూటీ తను చేసిన సిపాయి.

నిజజీవితంలో దళం, కమాండరు, క్రమశిక్షణ అన్నీ చూసిన తెలుగు ఆడవాళ్లు లేరా అంటే, ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) మల్లు స్వరాజ్యం ఇరవై ఏళ్లు నిండకముందే దళం నడిపింది. ఆమె తలకు నిజాం సర్కారు పది వేల రూపాయల వెల కట్టింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ తరం ఆడవాళ్ల గొంతులతోనే నడిచిన పుస్తకం. తుపాకీ పట్టిన సంబరం, దళంలో వంట ఎవరు చేయాలన్న పేచీ, పసిబిడ్డతో అడవిలో తిరగలేని కష్టం, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్నప్పటి వెలితి, అన్నీ ఉన్నాయి. మూన్, వెబర్, బుజోల్డ్ నవలల్లో కల్పించుకుని రాసినవన్నీ ఇక్కడ జరిగినవే. టాన్యా హఫ్ నవలల్లోని సార్జెంటు టోరిన్ కెర్ సైన్యం వదిలాక ఏం చేయాలో తోచక తిరిగినట్టే, పోరాట విరమణ తర్వాత ఆ దళాల ఆడవాళ్లు కొందరు తోచక తిరిగారు. స్వరాజ్యం మాత్రం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. 2022లో వచ్చిన ‘విరాటపర్వం’ వెన్నెల కూడా దళం వెతుక్కుంటూ అడవికి పోతుంది, అయితే ఆమెను నడిపించింది రవన్న కవిత్వం మీద ప్రేమ. సాయిపల్లవి కళ్లలో ఆ ప్రేమ కనిపించినంత బాగా దళంలో ఆమె రోజువారీ పని కనిపించదు.

‘కల్కి’ రెండో భాగం రావలసి ఉంది. 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ అందులో దీపికా పదుకోన్ ఉండదని ప్రకటించగానే, సుమతిగా ఎవరొస్తారన్నదే ఊరూవాడా మాటైంది. కైరా ఎవరి దగ్గర తుపాకీ నేర్చుకుంది, మరియం ఆజ్ఞ కాదన్న వాళ్లు శంబాలలో ఎవరైనా ఉన్నారా, ఆమె పోయాక దళం ఎవరి చేతికి పోయింది అని అడిగిన వాళ్లు తక్కువ. దర్శకుడు నాగ్ అశ్విన్‌కు శంబాల సెట్టులో ఒక కవాతు మైదానానికి చోటు ఇంకా ఉంది.